అప్‌డేట్: కన్సల్టింగ్ నుంచి తీసేశాక ఉద్యోగం దొరికింది, రాయగడలోనే

హైదరాబాద్‌లో కన్సల్టింగ్ ఉద్యోగం పోయి ఒడిశాలోని రాయగడలో మా ఇంటికి వచ్చేశాను, మళ్లీ అదే చూడాలా, వేరే దారి పట్టాలా అని అడిగాను కదా. వేరే దారే పట్టాను. ఇక్కడి దగ్గర్లోనే ఒక ఫ్యాక్టరీలో, కొనుగోళ్ల విభాగంలో చేరాను.

మీలో ఒకరు చెప్పినట్టు రెజ్యూమెలోంచి 'స్ట్రాటజీ', 'ట్రాన్స్‌ఫర్మేషన్' లాంటివి పీకేసి, ఏ క్లయింటుకు ఏ ఖర్చు ఎలా తగ్గించామో రాశాను. ఎందుకు మానేశారని ఇంటర్వ్యూలో అడిగితే, "ప్రాజెక్టులు తగ్గాయి, టీమ్‌లో కొందరిని తీసేశారు, అందులో నేనున్నాను" అన్నాను. ప్లాంట్ మేనేజర్ దాన్ని సాగదీయలేదు. స్పేర్‌పార్టుల జాబితా నా ముందుకు తోసి, కదలకుండా పడున్న సరుకేదో చెప్పమన్నారు. బేరింగుల దగ్గర ఆగాను. ఒకే సైజువి రెండు కోడ్‌ల కింద ఉన్నాయి. ఒకదాని కింద స్టాక్ మూలుగుతుంటే రెండోదాని మీద కొత్త ఆర్డర్ పెట్టారు. ఆయన అప్పటికప్పుడు స్టోర్‌కీపర్‌కి ఫోన్ చేసి ఒడియాలో చెడామడా వాయించారు, పాపం. నాకు ఒడియా రావడమూ కలిసొచ్చింది.

పీఎఫ్ తీసేసుకోమని మావయ్య ఒకటే పోరు. 5 ఏళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుందని, పాత యూఏఎన్ (పీఎఫ్ నంబరు) ఇచ్చి కొత్త కంపెనీ ఖాతాకి ట్రాన్స్‌ఫర్ పెట్టాను. జీతం మాత్రం బాగా తగ్గింది. అద్దె లేదు కాబట్టి ప్రస్తుతానికి నడుస్తోంది.