స్వీడన్ ఏబీ కంపెనీలో మూలధనం సగం కరిగిపోతే ఏం చేయాలి?

నమస్కారం అండి. స్టాక్‌హోమ్‌లో నేనూ నా స్నేహితుడూ కలిసి చిన్న ఏబీ కంపెనీ (మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటిది) నడుపుతున్నాం. 2020 నుంచి కనీస వాటా మూలధనం 25,000 క్రోనర్లే కదా, మేమూ అంతే పెట్టాం. బోర్డులో నేనొక్కణ్ణే, తను డిప్యూటీ.

పెద్ద క్లయింటు వెళ్లిపోయాక నష్టాలొచ్చి, కంపెనీ సొంత మూలధనం (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) వాటా మూలధనంలో సగానికంటే కిందికి పోయిందని అనుమానం. అప్పుడు బోర్డు వెంటనే కంట్రోల్ బ్యాలెన్స్ షీట్ (సొంత మూలధనం ఎంత మిగిలిందో తేల్చే ప్రత్యేక లెక్క) తయారు చేయాలట. చేయకపోతే ఆ తర్వాత పుట్టే కంపెనీ అప్పులు నా మెడకే చుట్టుకుంటాయి. హోమ్ లోన్ ఉన్నవాణ్ణి, చాలా టెన్షన్‌గా ఉంది.

వాటాదారుగా నేనే షరతులతో (తర్వాత లాభాలొస్తే తిరిగి తీసుకునేలా) కొంత డబ్బు వేసి మూలధనం నింపితే సరిపోతుందా? లేక ముందు ఆ షీట్ చేసి, వాటాదారుల సమావేశం పెట్టాల్సిందేనా? మాకు ఆడిటర్ లేరు. అక్కడ కంపెనీ నడిపినవాళ్లు, అకౌంటెంట్లు దయచేసి చెప్పండి.