టైమ్ గీత మీదున్న మీర్జాపూర్ అసలు ఎలాంటి జిల్లా?

తుని_కుర్రోడు:
చిన్నప్పుడు సోషల్ మాస్టారు మ్యాప్ మీద స్కేల్ పెట్టి, 82½ డిగ్రీల రేఖాంశం గీత యూపీలోని మీర్జాపూర్ నుంచి మన కాకినాడ పక్కకి దిగుద్దిరా, దేశం టైమంతా దీని మీదే అని చూపించేవారు. అప్పట్నుంచి ఆ పేరు బుర్రలో ఉండిపోయింది. వచ్చే నెల అమ్మానాన్నల్ని కాశీ తీసుకెళ్తున్నా, అమ్మేమో వింధ్యవాసిని అమ్మవారిని చూడాలంటోంది, తీరా చూస్తే గుడి ఆ జిల్లాలోనే ఉందట. వింధ్య కొండలంటే మధ్యప్రదేశ్ కదా, గంగ ఒడ్డుకి ఎలా వచ్చాయి? మీర్జాపూర్ వెబ్ సిరీస్ చూసినోళ్ళు తుపాకుల కబుర్లు వద్దు ప్లీజ్.

అలహాబాద్_రిటర్న్:
నాలుగేళ్ళు అటువైపు ఉద్యోగం చేశా, ఆ జిల్లాలో విశేషమే అది. గంగకి ఉత్తరాన అరచెయ్యిలా చదును, దక్షిణాన వింధ్య అంచు నది దాకా వచ్చేస్తది. అష్టభుజ గుడి కొండెక్కి వెనక్కి తిరిగితే కింద గంగ కనబడుద్ది. వింధ్యవాసిని, కాళీఖోహ్, అష్టభుజ మూడూ కలిపి త్రికోణ పరిక్రమ అంటారు, పెద్దవాళ్ళతో కాబట్టి ఆటో మాట్లాడుకోండి. కంసుడి చేతిలోంచి ఎగిరిపోయిన యశోద కూతురే ఈ అమ్మవారు అంటారు.

కానీ చునార్ వదలొద్దు బాబూ. గంగలోకి పొడుచుకొచ్చిన రాతిగుట్ట, దాని నెత్తిన కోట, కింద పడవల మీద వెళ్ళేవాడెవడైనా కోటవాళ్ళ కళ్ళు గప్పి పోలేడు. ఆఫ్ఘన్ నాయకుడు షేర్ షా, కోట సర్దారు వితంతువు లాడ్ మలికని పెళ్ళాడి దీన్ని సంపాదించాడు. తర్వాత మొఘల్ చక్రవర్తి హుమాయూన్ దీని చుట్టూ నెలలకి నెలలు కూర్చుని 1538లో పట్టాడు, ఈలోగా షేర్ షా పోయి బెంగాల్ లాగేసుకున్నాడు, 1539లో చౌసా దగ్గర హుమాయూన్‌నే తన్ని తరిమాడు. కోట గెలిచి రాజ్యం పోగొట్టుకోవడమంటే ఇదే. సారనాథ్‌లో మీరు చూడబోయే సింహాల స్తంభం ఉంది చూడండి, ఆ అద్దంలాంటి రాయి కూడా చునార్‌దే.

పత్తి_బేరం:
వ్యాపారం సంగతి ఎవరూ చెప్పలేదే. రైలు రాకముందు మీర్జాపూర్ గంగ మీద పెద్ద పత్తి మార్కెట్, దక్కన్ వైపు నుంచి ఎడ్ల మీద వచ్చిన పత్తి ఇక్కడ పడవలకెక్కి కలకత్తా పోయేది. 1860ల్లో రైళ్ళొచ్చి సరుకు బొంబాయి దారి పట్టాక ఊరు చల్లబడిపోయింది. తివాచీలు మాత్రం ఇప్పటికీ నేస్తున్నారు. తివాచీల భదోహీ కూడా ఈ జిల్లాలోదే అనుకుంటారు చాలామంది, కాదు, అది 1994లో వారణాసి నుంచి విడిపోయింది. మీర్జాపూర్ నుంచి పోయింది సోన్‌భద్ర, 1989లో. బొగ్గు, కరెంటు ప్లాంట్లు, రిహాండ్ డ్యామ్ అన్నీ దాంతోపాటే పోయాయి, 6,788 చదరపు కిలోమీటర్లు మరి, మామూలు ముక్క కాదు.

గీతల_గిరి:
చిన్న సవరణ. గీత కాకినాడకి కాస్త తూర్పున పోతుంది, నిజానికి మీ తునికే దగ్గర. అటు అమ్మవారి గుడి ఉన్న వింధ్యాచల్ ఊరిని దాదాపు రాసుకుంటూ వెళ్తుంది. అంటే మీ ఇంటి దగ్గరా అమ్మవారి గుడి దగ్గరా సూర్యుడు నడినెత్తికొచ్చేది ఇంచుమించు ఒకే నిమిషానికి.

తుని_కుర్రోడు:
గిరి గారూ ఇది మా అమ్మకి చదివి వినిపించా, ఎవరికి ఫోన్ చేసినా ఇప్పుడు అదే చెప్తోంది 😄 చునార్‌కి ఒక పూట పెట్టా. సికింద్రాబాద్ - దానాపూర్ బండి మీర్జాపూర్ మీదుగానే పోద్దిగా, ముందు అక్కడే దిగిపోయి గుడి చూసుకుని కాశీ వెళ్తే మేలా?