పాల ప్యాకెట్లతో అల్లిన బ్యాగు పట్టీ సాగిపోతోంది

అర లీటరు పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి, అంగుళం వెడల్పు రింగులుగా కత్తిరించి, ఒకదానిలో ఒకటి ముడేసి దారంలా చేసుకున్నాను. 6 ఎంఎం క్రోషియా సూదితో అంతా సింగిల్ క్రోషేనే (క్రోషియాలో మామూలు పొట్టి కుట్టు). బ్యాగు గట్టిగానే వచ్చింది (పాల వాసన పోవడానికి మాత్రం రెండుసార్లు సబ్బు నీళ్లలో నానబెట్టాల్సొచ్చింది). చిక్కంతా భుజం పట్టీతోనే. 5 కుట్ల వెడల్పున, అడ్డ వరుసల్లో 60 సెంటీమీటర్లు అల్లాను. రెండు కిలోల కూరగాయలతో పావుగంట నడిచేసరికి 74 అయింది, మళ్లీ వెనక్కి రాలేదు. విప్పి 5 ఎంఎం సూదితో బిగించి అల్లితే వేళ్లు నొప్పి పుట్టాయి గానీ సాగడం ఆగలేదు. అంచుల చుట్టూ స్లిప్ స్టిచ్ (ఎత్తు దాదాపు లేని బిగుతు కుట్టు) వేశాక 68 దగ్గర ఆగింది. రెండు పేటలు కలిపితే సూది దూరడమే లేదు.

60 సెంటీమీటర్ల మేర గొలుసు కుట్లు వేసి పొడవు వరుసల్లో అల్లితే సాగకుండా ఉంటుందా, లేక లోపల నవారు పెట్టి కుట్టక తప్పదా?