మామిడి బార్లు: కింది పొర మెత్తబడకుండా ఎలా?

తిరుపతి_ఓటీజీ:
తోతాపురి గుజ్జుతో బార్లు (పిండి పొరల మధ్య గుజ్జు పెట్టి కాల్చే తీపి ముక్కలు) చేస్తే పైపొర బాగానే కాలుతోంది, కింది పొర మాత్రం తడిగా, పిండి పిండిగా ఉంటోంది. 8 అంగుళాల చదరపు గాజు డిష్, 180 డిగ్రీలు, 40 నిమిషాలు. కింది పొరను విడిగా కాల్చడం లేదు. గుజ్జు మిక్సీలోంచి నేరుగా పోస్తున్నాను. ఏది మార్చాలి?

మామిడితోపు:
రెండూ మార్చాలండీ. పచ్చి గుజ్జులో నీళ్లెక్కువ, ఓవెన్‌లో అవి కిందికి దిగి పిండిని నానబెడతాయి. 500 గ్రాముల గుజ్జును వెడల్పాటి గిన్నెలో సన్నటి సెగన 350 గ్రాములకు దగ్గరపడేదాకా ఉడికించండి. గరిటెతో అడుగున గీత గీస్తే వెంటనే కలిసిపోకూడదు. అప్పుడు 60 గ్రాముల చక్కెర, కాసిన్ని చన్నీళ్లలో కలిపిన 20 గ్రాముల కార్న్‌ఫ్లోర్ వేసి, బుడగలొచ్చాక ఒక నిమిషం కలిపి దించేయండి. నిమ్మరసం దించాకే, ఒక పెద్ద చెంచా. పులుపుతో పాటు ఎక్కువసేపు ఉడికితే కార్న్‌ఫ్లోర్ చిక్కదనం పోయి మళ్లీ జారుతుంది.

పిండికి మైదా 200, బటర్ 120, చక్కెర పొడి 60 గ్రాములు. ఉప్పు బటరైతే వేరే ఉప్పొద్దు. మన ఎండలకు బటర్ చేతిలోనే కరిగిపోతుంది, కరిగితే పొర గట్టిబడి నూనె కక్కుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్కల్ని వేళ్ల కొసలతోనే గబగబా నలపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తడితే పొడిగా రాలాలి. పావు వంతు పైపొర కోసం పక్కన పెట్టి, మిగతాది బటర్ పేపర్ మీద గ్లాసు అడుగుతో అణచండి. ఫోర్క్‌తో గుచ్చి 180లో 18-20 నిమిషాలు, అంచులు బంగారు రంగు తిరిగేదాకా కాల్చండి. దానిపై గుజ్జు పరిచి, పక్కన పెట్టిన పిండి చల్లి ఇంకో 25 నిమిషాలు.

చిత్తూరు_బేకింగ్:
గాజు డిష్ నిదానంగా వేడెక్కుతుందక్కా, అందుకే అడుగు రంగు తిరగదు. అల్యూమినియం టిన్ను వాడండి. మొదటిసారి కాల్చేటప్పుడు కింది అర, రెండోసారి మధ్య అర. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) మీటలోని అంకెను నమ్మొద్దు, లోపల పెట్టే థర్మామీటర్ చాలా ఉపయోగం. డబ్బా గుజ్జైతే చాలావాటిలో చక్కెర ముందే ఉంటుంది, లేబుల్ చూసి 20 గ్రాములకు తగ్గించండి. బేనీషాకైతే పులుపు తక్కువ, నిమ్మరసం ఒకటిన్నర పెద్ద చెంచా పోయండి. కాల్చాక కూడా మామిడి రుచి నిలిచేది తోతాపురితోనే, ఆ పులుపే దానికి బలం.

వేడిమీద కోయొద్దు. పూర్తిగా ఆరాక రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, చాకు ప్రతిసారీ తుడుచుకుంటూ కోస్తే అంచులు చక్కగా వస్తాయి.

తిరుపతి_ఓటీజీ:
చాలా థాంక్సండీ. సీజన్ అయ్యాక సీతాఫలంతో చేయొచ్చా?

మామిడితోపు:
వద్దండీ, సీతాఫలం గుజ్జు ఉడికితే చేదెక్కుతుంది. జామ బాగుంటుంది. ఉడికించి, గింజలు పోయేలా జల్లెడలో వడకట్టండి. జామలో పెక్టిన్ (పండ్ల గుజ్జును గట్టిపరిచే పదార్థం) ఎక్కువ కాబట్టి కార్న్‌ఫ్లోర్ 10 గ్రాములు చాలు.