ప్రీమియర్ ఎనర్జీస్ ఎదిగింది సొంత బలంతోనా, దిగుమతి సుంకాల పుణ్యమా?

తూర్పుగాలి:
సోలార్ ప్యానెళ్లు, వాటి లోపల ఎండను కరెంటుగా మార్చే సెల్స్ తయారుచేసే మన హైదరాబాద్ కంపెనీ ఇది. 1995లో సురేందర్ పాల్ సింగ్ గారు పెట్టారు, అప్పట్లో సోలార్ అంటే పట్టించుకున్నవాళ్లే లేరు. 2022-23లో 13 కోట్ల నష్టం. మరుసటి ఏడాది 231 కోట్ల లాభం, 2024-25లో 937 కోట్లు. 2024లో ఐపీఓ, అంటే తొలిసారి జనానికి షేర్లు అమ్మినప్పటి ధర 450, సెప్టెంబర్ 3న లిస్టయిన రోజు 990 దగ్గర మొదలైంది. నాయుడుపేటలోనూ సెల్ ప్లాంట్ పెడుతున్నారు. ఇంత చేసినా మన గ్రూపుల్లో ఎవరిని కదిపినా "అంతా గవర్నమెంట్ దయ" అంటున్నారు. ఆ మాట అనేవాళ్లు ఆధారం చూపించండి.

మేడమీద_సోలార్:
నేను చూపిస్తాను. వరంగల్‌లో ఇళ్ల మీద ప్యానెళ్లు బిగించడమే నా పని. 2022 ఏప్రిల్ 1 నుంచి బయటి ప్యానెళ్ల మీద 40 శాతం, సెల్స్ మీద 25 శాతం కస్టమ్స్ సుంకం వేశారు. దానికి తోడు ఏఎల్ఎంఎం, అంటే కేంద్రం ఆమోదించిన మోడళ్ల జాబితా, అందులో చైనాలోని ఫ్యాక్టరీలకు చోటు దొరకలేదు. ఇక ఇంటి మీద సోలార్‌కి కేంద్రం ఇచ్చే సూర్యఘర్ సబ్సిడీ రావాలంటే ప్యానెల్ ఒక్కటే కాదు, లోపలి సెల్ కూడా ఇక్కడే తయారై ఉండాలి, దాన్నే డీసీఆర్ ప్యానెల్ అంటాం. నాకు డీసీఆర్ వాట్‌కి 25 రూపాయలు పడింది, మామూలుది 15కే వచ్చేది. మూడు కిలోవాట్లకు తేడా 30 వేలు. ఇంటాయనకు వచ్చే సబ్సిడీ 78 వేలు. అందులో 30 వేలు ఆయన చేతికొచ్చినట్టే వచ్చి ఫ్యాక్టరీకి పోతోంది. ఇంతకంటే ఏం ఆధారం కావాలి?

బుల్_మార్కెట్:
షేర్ ఇప్పుడు కొనొచ్చా అన్నా?

తూర్పుగాలి:
మేడమీద గారూ, ఒక్కటి అడుగుతాను. 2023-24లో ఏఎల్ఎంఎంను కేంద్రమే ఏడాదిపాటు పక్కన పెట్టింది. 2024 ఏప్రిల్ 1న మళ్లీ అమల్లోకి తెచ్చింది. నష్టం నుంచి 231 కోట్ల లాభానికి వచ్చింది సరిగ్గా ఆ ఏడాదే. జాబితా లేని ఏడాదిలో లాభం ఎలా వచ్చింది?

మేడమీద_సోలార్:
జాబితా తీశారు, సుంకం తీయలేదు కదా. పైగా ఆ ఏడాది ప్రపంచమంతా ధరలు పడిపోయాయి. సెల్ తయారీకి కావాల్సిన వేఫర్, అంటే పలుచటి సిలికాన్ పలక, చైనా నుంచి చవగ్గా దొరికింది. తయారైన ప్యానెల్ లోపలికి రావాలంటే మాత్రం 40 శాతం కట్టాలి. ముడిసరుకు చవక, పోటీ సరుకు ఖరీదు. లాభం రాకుండా ఎలా ఉంటుంది?

తూర్పుగాలి:
మీరు మళ్లీ నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. సుంకం అందరికీ ఒకటే. మాడ్యూల్ (ప్యానెల్) కంపెనీలు దేశంలో ఎన్ని లేవు? సెల్ జోలికి పోవడానికి చాలామంది భయపడుతున్నప్పుడు 2021లోనే రావిర్యాల ఈ-సిటీలో వీళ్లు సెల్ లైన్ మొదలుపెట్టారు. ఆ తెగువకు విలువ లేదా?

ఈఎల్_టెస్ట్:
నేను వేరే కంపెనీలో మాడ్యూల్ లైన్‌లో పనిచేస్తాను కాబట్టి చెబుతున్నా, సెల్ పనీ మాడ్యూల్ పనీ ఒకటి కాదు. మా దగ్గర స్ట్రింగర్ మెషిన్ సెల్స్‌ను సన్నటి రిబ్బన్‌తో వరసగా అతికిస్తుంది, తర్వాత కరెంటు పంపి చీకట్లో ఫోటో తీస్తాం. పగులుంటే నల్లటి గీతలా కనపడుతుంది, ఆ సెల్ తీసేసి కొత్తది అతికించాలి. ఆపైన గాజుతో కలిపి లామినేటర్‌లోకి పోతుంది. కొన్ని నెలల్లో నేర్చుకునే పని. సెల్ అలా కాదు, యాసిడ్లు, కొలిమిలు, వెండి పేస్టు, శుభ్రమైన నీళ్లు, నిమిషం కరెంటు పోయినా నష్టమే. ఆ విషయంలో తూర్పుగాలి గారి మాట నిజం. కానీ వేఫర్ మాత్రం చాలావరకు చైనాదే అన్నది కూడా నిజం.

పాత_సభ్యుడు:
పదేళ్ల కిందట కూడా ఇదే గొడవ. దేశీయ సెల్స్ వాడాలన్న అప్పటి నిబంధన మీద అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ)కి వెళితే 2016లో మనం ఓడిపోయాం.

మేడమీద_సోలార్:
తూర్పుగాలి గారూ, సూటిగా చెప్పండి. మీ దగ్గర ఆ షేర్లు ఉన్నాయా లేవా?

తూర్పుగాలి:
ఉన్నాయి. దాచాల్సిన అవసరం లేదు. మరి మీరు ఇన్నాళ్లూ చైనా ప్యానెళ్ల మీద మార్జిన్ తిన్నారు కదా, అది తగ్గిందనే కదా ఈ బాధంతా? మా అన్నయ్య ఇంటి మీద అలాంటివే పెట్టించుకున్నాడు. పాతికేళ్ల వారంటీ అని కాగితం ఇచ్చారు. నాలుగో ఎండాకాలానికే ప్యానెళ్లు పసుపు తిరిగాయి. అమ్మినవాడు షాపు మూసేశాడు, తయారుచేసినవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. మెయిల్ పెడితే జవాబు లేదు. ఫ్యాక్టరీ మన దగ్గరుంటే కనీసం గేటు దగ్గరికెళ్లి అడగొచ్చు. నాకు అది ముఖ్యం, లాభం తర్వాత సంగతి.

మేడమీద_సోలార్:
నా మార్జిన్ వాట్‌కి ఇంతని ఉంటుంది, ప్యానెల్ ఏదైనా అంతే. అనవసరంగా మాట జారకండి.

నా కోపం కంపెనీ మీద కాదు. హనుమకొండలో ఒక ఆటో డ్రైవర్ అప్పు చేసి పెట్టిద్దామనుకున్నాడు, కొటేషన్ చూసి మానేశాడు. దేశంలో పరిశ్రమ పెరగాలి, నేనూ ఒప్పుకుంటా. దానికి డబ్బు ఎవరు కట్టాలి అన్నదే నా ప్రశ్న. తయారీ కంపెనీలకు ప్రోత్సాహకం ఇచ్చే పీఎల్ఐ పథకంలా ఖజానా నుంచి నేరుగా ఇవ్వండి, బడ్జెట్‌లో లెక్క అందరికీ కనపడుతుంది. ఆటో డ్రైవర్ బిల్లులో కలిపి వసూలు చేస్తే ఆయనకు ఎంత పోయిందో ఆయనకే తెలియదు. పైగా 2026 జూన్ 1 నుంచి సెల్స్‌కీ జాబితా పెట్టారు. ఇవన్నీ ఎప్పటికి తీసేస్తారో ఎవరైనా చెప్పారా?

తూర్పుగాలి:
ఇదే మొదటి పోస్టులో చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు. అయినా నేను ఒప్పుకోను. తేదీ ముందే చెబితే ఆ రోజు దాకా చైనావాళ్లు కాచుకుని కూర్చుంటారు. వేఫర్ కూడా ఇక్కడే తయారయ్యేదాకా సుంకం ఉండాల్సిందే.

ఈఎల్_టెస్ట్:
ధర గురించే మాట్లాడుతున్నారు ఇద్దరూ. మా లైన్‌లో ఐటీఐ పిల్లలు కాంట్రాక్టర్ కింద పన్నెండు గంటల షిఫ్టు చేస్తున్నారు. ప్రజల డబ్బుతో పెరిగే పరిశ్రమ అన్నప్పుడు పర్మినెంట్ ఉద్యోగాలు ఎన్ని ఇవ్వాలో కూడా ఆ సుంకాల ఆర్డర్‌లోనే రాయాలి కదా?

తూర్పుగాలి:
అది వేరే థ్రెడ్‌లో మాట్లాడదాం.

మేడమీద_సోలార్:
వేరే ఎందుకు, ఇక్కడే మాట్లాడాలి. 30 వేలు కట్టిన ఇంటాయన అడిగేదీ అదే.