అర్జీల్లో “మతిస్థిమితం లేనందున”: ఈ మాట సరైందేనా?

(అర్జీలు రాసే ముగ్గురి ముచ్చట ఇది, పేర్లకు బదులు వాళ్ల ఊర్లు.)

నల్లగొండ: సొంతంగ నిర్ణయాలు తీసుకోలేని పెద్దోళ్లకు గార్డియన్‌ను పెట్టమని అడిగే అర్జీల్లో “అన్‌సౌండ్ మైండ్”కు అందరం “మతిస్థిమితం లేని” అనే రాస్తున్నం. సరైందేనా?

పాలమూరు: కాదన్నా. స్థిమితం అంటే నిలకడ. పక్కన “లేని” చేరంగనే అది మనిషికి జీవితాంతం బిరుదైపోతది. 1872 కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ చూసేది ఒప్పందం చేసే ఘడియను. జ్వరం వచ్చి సంధి కొట్టినోడు, తాగి సోయి తప్పినోడు కూడా అక్కడి ఉదాహరణల్ల ఉన్నరు. పిచ్చాసుపత్రిల ఉన్నోడు సైతం తేరుకున్న వేళల్ల ఒప్పందం చేసుకోవచ్చు. మన “సోయి” దీనికి దగ్గరి మాట, వస్తది, పోతది.

మిర్యాలగూడ: సోయి బాగుంది గానీ అర్జీలో నడవది. అంతకన్నా పెద్ద చిక్కు “మానసిక వికలాంగుడు”. బుద్ధిమాంద్యానికీ అదే రాస్తరు, స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బుకూ అదే. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగిటికే స్థానిక స్థాయి కమిటీ గార్డియన్‌ను పెడుతది. స్కిజోఫ్రేనియా ఒక్కటే ఉంటే అక్కడ అర్జీ నిలవది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకో, రాష్ట్రం నోటిఫై చేసిన అధికారికో పెట్టాలె. జబ్బుందని తేలినంత మాత్రాన “అన్‌సౌండ్ మైండ్” అయిపోరు, కోర్టు ప్రకటించాలె: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సెక్షన్ 3(5). సదరం (వైకల్య ధ్రువపత్రం) శాతం పింఛను లాంటి వాటికే, సంతకం హక్కుకు కొలత కాదు.

నల్లగొండ: ఆ 14వ సెక్షన్ల ఉన్న “లిమిటెడ్ గార్డియన్”కు “పరిమిత సంరక్షకుడు” అందామా?

పాలమూరు: సంరక్షకుడంటే మనోళ్లకు పెత్తనమే గుర్తొస్తది. 14వ సెక్షన్ల ఉన్నది ఇద్దరు కలిసి నిర్ణయించుడు: ఒక పనికి, ఒక గడువుకు, ఆ మనిషి ఇష్టం ప్రకారం. “తోడు నిర్ణయం” అంటే సరిపోతది. (“ఆసరా” అనేటోళ్లం, పింఛను పథకం ఎత్తుకపోయింది.) అర్జీలో “సమస్త వ్యవహారాలకు” అని రాయకుర్రి. ఫలానా సర్వే నంబరు, ఫలానా పని, ఇన్ని నెలలు అని రాసి, ఆ మనిషి ఏమంటున్నడో ఆయన మాటల్లనే ఒక వాక్యం పెట్టుర్రి. తోడుండేటోనికి ఆ భూమిల సొంత లాభముంటే ఆ పనిల తప్పుకోవాలె, అదే చట్టం 13వ సెక్షన్. రక్తసంబంధం ఒక్కటే అడ్డం కాదు. పంపకాల కాగితాల్ల తప్పేది ఇక్కడనే.

మిర్యాలగూడ: “లీగల్ కెపాసిటీ”ని “సామర్థ్యం” అనుడు కూడా మానుకోవాలె. సామర్థ్యమంటే డాక్టరు కొలిచేది. మన దేశం 2007ల ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 12వ అధికరణం దాన్ని అందరికీ సమానంగ ఉన్న హక్కంటది. నా ఓటు “నిర్ణయాధికారం”కు. 1872 చట్టంల “అన్‌సౌండ్ మైండ్” ఇంకా అట్లనే ఉంది గనక, ఆ సెక్షన్ ఎత్తిరాసే చోట మాత్రం “సౌండ్ మైండ్”కు పాత దస్తావేజుల “స్థిరచిత్తం”, దానికి ఎదురు మాటకు “అస్థిరచిత్తం” చాలు.