జనవరిలో సాస్కటూన్ వెళ్తున్నాం, చలి సంగతి చెప్పండి

మాది మిర్యాలగూడ. మా ఆయనకు కెనడాలోని సాస్కటూన్‌లో ఉద్యోగం వచ్చింది. పాపకు మూడేళ్లు. మైనస్ 30 అంటే టెన్షన్‌గా ఉంది. ఇక్కడ అమ్మ ఒక్కతే ఉంటుంది, రోజూ ఫోన్ చేయాలి. అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు (పాలమూరు, సాస్కటూన్‌లో 6 ఏళ్లుగా):
చెల్లెమ్మా, ముందు ఫోన్ సంగతి. ఈ ఊళ్లో ఎండాకాలం, చలికాలం అని గడియారం మార్చరు. ఏడాదంతా తేడా పదకొండున్నర గంటలే. ఇక్కడ రాత్రి 8 అయితే అమ్మకు పొద్దున 7:30. మా అమ్మ చాయ్ తాగుతూ మాట్లాడుతుంది.

కారు కొనేటప్పుడు ముందు భాగంలో ప్లగ్ వైరు ఉందో లేదో చూడండి. అది బ్లాక్ హీటర్‌ది. రాత్రంతా సాకెట్‌కు పెడితే ఇంజిన్ గడ్డకట్టదు. మొదటి చలికాలం నాకీ విషయం ఎవరూ చెప్పలేదు. పొద్దున తాళం తిప్పితే ఒక్క మూలుగు, అంతే. ఆ రోజు డ్యూటీ పోయింది.

పాపకు వేళ్లు విడిగా ఉండే గ్లోవ్స్ వద్దు, మిట్టెన్స్ కొనండి. వేళ్లన్నీ ఒక్కచోట ఉంటే వెచ్చగా ఉంటాయి. జాకెట్ ఇక్కడికి వచ్చాకే తీసుకోండి.

జవాబు (దేవరకొండ):
నాకు చలికన్నా చీకటే కష్టమైంది అక్కా. డిసెంబరులో 9 దాటాక తెల్లవారుతుంది, సాయంత్రం 5కే పొద్దు గూకుతుంది. మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు పాపను కాసేపైనా బయట తిప్పండి. పప్పుకు రంది లేదు, ఎర్రపప్పు ఇక్కడి పొలాల్లోనే పండుతుంది.

మిర్యాలగూడ:
అన్నా, వైరు సంగతి మా ఆయనకు చదివి వినిపించాను. పొద్దున 7:30 అంటే అమ్మ, "అప్పటికి పాలు కాచి కూర్చుంటా" అంది.